ఒపెరా: ఊరి సినిమా హాల్లోనా, న్యూయార్క్ వెళ్లా?

అమెరికాలోని చిన్న పట్టణాల్లో స్థిరపడి, కర్ణాటక సంగీతంతో పాటు పాటలతోనే కథ నడిచే పాశ్చాత్య సంగీత నాటకమైన ఒపెరానూ ఆస్వాదించాలనుకునే తెలుగువారికి రెండు దారులున్నాయి: మెట్రోపాలిటన్ ఒపెరా సంస్థ 2006 నుంచి సినిమా హాళ్లకు అందిస్తున్న ప్రత్యక్ష ప్రసారాలు చూడటం, లేదా న్యూయార్క్‌లోని లింకన్ సెంటర్‌లో ఉన్న ఆ సంస్థ మందిరానికి స్వయంగా వెళ్లడం.

ఖర్చు: ప్రసారానికి సినిమా టికెట్టు చాలు, న్యూయార్క్‌లో టికెట్టు కంటే ప్రయాణానికి, బసకే ఎక్కువవుతుంది.

శ్రమ: ఇక్కడ ఒక శనివారం మధ్యాహ్నం, అక్కడికి కనీసం రెండు రోజులు.

నష్టభయం: ఇక్కడ ఉపగ్రహ సంకేతం ఒక్కోసారి తెగవచ్చు, అక్కడ మీరు వినాలనుకున్న గాయని ఆనాడు అస్వస్థతతో తప్పుకుంటే అంత దూరం వెళ్లి మరొకరిని విని రావలసి ఉంటుంది.

అసలు తేడా ధ్వనిలో ఉంది. సుమారు 3,800 మంది పట్టే ఆ మందిరంలో గాయకులు మైకు లేకుండా, వాద్యబృందాన్ని దాటి చివరి వరుస దాకా వినిపించేలా పాడతారు. ఆ సాధనే ఈ కళకు ప్రాణమని నా నమ్మకం. సినిమా హాల్లో అదే గానం స్పీకర్ల ద్వారా వస్తుంది కనుక చిన్న గొంతుకూ పెద్ద గొంతుకూ మధ్య ఉన్న తేడా చాలావరకు చెరిగిపోతుంది. అయితే ముఖంలోని భావాన్ని తెర దగ్గరగా చూపిస్తుంది, పై అంతస్తుల చౌక సీట్లకు అది దక్కదు. భాష సమస్య మాత్రం రెండుచోట్లా లేదు: తెరపై సబ్‌టైటిళ్లు ఉంటాయి, మందిరంలో ముందు సీటు వెనుక అనువాదం కనిపిస్తుంది.

కొత్తగా మొదలుపెట్టేవారికి, పిల్లలున్న కుటుంబాలకు ప్రసారమే తగినది. ఒక ఒపెరాను తెరపై చూసి ప్రేమించినవారు మాత్రం డబ్బు కూడబెట్టుకుని న్యూయార్క్ వెళ్లాలి. ఆ తొలి ప్రయాణానికి గంటల తరబడి సాగే జర్మన్ స్వరకర్త వాగ్నర్ రచనల కన్నా ఇటలీ స్వరకర్తలు వెర్డీ, పుచ్చీనీల రచనలు మేలు.