నెల్లూరు దగ్గర పెయింట్‌బాల్: రేటు కంటే ముందు మాస్క్ చూడండి

రంగు నింపిన చిన్న బాల్స్‌ని గన్‌తో ఒకరి మీద ఒకరు పేల్చుకునే ఆట పెయింట్‌బాల్. దానికి వెళ్లేవాళ్లు ఫోన్‌లో మామూలుగా అడిగేవి రెండే: మనిషికి ఎంత, ఎన్ని బాల్స్ ఇస్తారు. సంక్రాంతి సెలవుల్లో కావలి నుంచి మా బావ వాళ్లతో, పిల్లలతో కలిసి నెల్లూరు వెళ్లి రెండు చోట్లు చూశాక నేనైతే ముందు మాస్కుల సంగతే అడగమంటాను. మిగతావన్నీ ఆ తర్వాతే.

మొదటిది హైవే పక్కన. పెద్ద బోర్డు, పాటలు, ఫొటోలు దిగడానికి రంగుల గోడ. పిల్లలు కారు దిగగానే ఎగిరారు. మాస్కులన్నీ ఒక ప్లాస్టిక్ టబ్బులో పడేసి ఉన్నాయి. మా మేనల్లుడికి ఇచ్చినదాని ఎలాస్టిక్ సాగిపోయి వెనక ముడి వేసుంది. లోపలి స్పాంజి ఒక పక్క ఊడి వేలాడుతోంది. తల కొంచెం వంచితే మాస్క్ ముక్కు మీదికి జారుతోంది. "ఆడేటప్పుడు ఆవిరి పడితే ఎట్లా తమ్ముడూ?" అని అక్కడి కుర్రాణ్ని అడిగాను. "కొంచెం పైకెత్తి తుడుచుకోండన్నా, ఏం కాదు" అన్నాడు. ఆ ఒక్క మాట చాలు. పిల్లలు మొహాలు మాడ్చుకున్నా అక్కడ డబ్బు కట్టకుండా బయటికొచ్చేశాం.

ఎందుకంత పట్టుదల అంటే, ఆ బాల్ సైజు 17 మిల్లీమీటర్లే, బరువు మూడు గ్రాములే. కానీ ఈ ఆటలో సాధారణంగా పెట్టుకునే గరిష్ఠ వేగం సెకనుకు 300 అడుగులు. అంటే గంటకు దాదాపు 330 కిలోమీటర్లు, మన ఫాస్ట్ బౌలర్ వేసే బంతికి రెట్టింపు పైనే. ఒంటి మీద తగిలితే ఎర్రగా కమిలి, కొన్నాళ్లకు పోతుంది. కంటికి తగిలితే లోపల రక్తం చేరొచ్చు, రెటీనా ఊడొచ్చు, చూపే పోవచ్చు. పెయింట్ జెలటిన్ తొడుగులో ఉండే, నీళ్లతో కడిగితే పోయే రంగే కాబట్టి దానికి టెన్షన్ అక్కర్లేదు. భయపడాల్సింది దెబ్బకి. బైక్ కళ్లద్దాలు, ఈత కళ్లద్దాలు దీనికి పనికిరావు. ఈ ఆట కోసమే చేసిన, చెవుల్నీ గడ్డాన్నీ కూడా కప్పే మాస్క్ ఉండాలి.

రెండోది మైపాడు వెళ్లే దారిలో, సరుగుడు తోపులో. బోర్డు చిన్నది, రేటు మొదటిదాని కంటే ఎక్కువ. వెళ్లగానే ఆడనివ్వలేదు, కూర్చోబెట్టి నియమాలు చెప్పారు. మాస్కులు కడిగి తీగ మీద ఆరబెట్టి ఉన్నాయి. ప్రతి గన్‌నీ వేగం కొలిచే మీటర్ ముందు పేల్చి, అంకె మాకు కూడా చూపించారు. సెకనుకు 280 అడుగులు దాటినదాన్ని పక్కన పెట్టి సరిచేసి మళ్లీ కొలిచారు. గన్ చేతికిచ్చేటప్పుడే గొట్టానికి గుడ్డ తొడుగు ఉంది. మైదానంలోకి వెళ్లి రెఫరీ చెప్పాకే అది తీయాలి, ఆట ఆగగానే మళ్లీ తొడగాలి. సేఫ్టీ లాక్ వేసున్నా సరే, తొడుగు ఉండాల్సిందే.

పది అడుగుల లోపు దొరికినవాణ్ని కొట్టకూడదు, "సరెండర్" అని అడగాలి. చెయ్యెత్తి బయటికి నడిచేవాడి మీద కాల్చకూడదు. చూడకుండా గోడ మీద నుంచి గన్ ఒక్కటే పెట్టి పేల్చకూడదు. కింద పడ్డ బాల్స్ ఏరి మళ్లీ వేయకూడదు. ఈ చివరిది బాల్స్ ఎక్కువ అమ్ముకోవడానికి చెప్పే మాట కాదు. మట్టి అంటినా, తేమకి ఉబ్బినా ఆ బాల్ గొట్టంలోనే పగులుతుంది, లేదా వంకరగా పోతుంది. సముద్రపు గాలి తగిలే మన నెల్లూరు వైపు ఇది ఇంకా ఎక్కువ. డబ్బా మూత తీసి ఎండలో పెట్టిన చోట బాల్స్ ఒకసారి చేత్తో పట్టుకుని చూడండి. మెత్తబడి, ఒకదానికొకటి అంటుకుంటుంటే వద్దనండి.

ఆట మధ్యలో మేనల్లుడి మాస్క్ అద్దం మీద పసుపు రంగు బాల్ పగిలింది. ఏమీ కనపడక వాడి చెయ్యి మాస్క్ మీదికి పోయింది. రెఫరీ "ఆపండి, గన్లు కిందికి!" అని అరుస్తూ పరిగెత్తుకొచ్చి, వాడి మాస్క్‌ని రెండు చేతులతో అదిమిపట్టి, అట్లాగే నడిపించుకుంటూ మైదానం చుట్టూ కట్టిన వల బయటికి తీసుకెళ్లాడు. అక్కడ గానీ మాస్క్ తీయనివ్వలేదు. మేం అదనంగా కట్టిన డబ్బు దానికే, సంతోషంగా కట్టాను.

పిల్లలు ఒక్క ఆటకే బాల్స్ మొత్తం పేల్చేశారు. 1981లో అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ అడవిలో పన్నెండు మంది ఆడిన తొలి ఆట సంగతి అప్పుడు చెప్పాను. అంతకుముందు చెట్లకీ పశువులకీ గుర్తులు వేయడానికి వాడే గన్లతోనే ఆడారు. గెలిచినాయన ఒక్క షాటూ కొట్టకుండా నక్కి నక్కి, గెలవడానికి తేవాల్సిన జెండాలన్నీ పోగేశాడు. తర్వాతి ఆటలో మా చిన్నది అట్లాగే పొదల వెనక కూర్చుని జెండా తెచ్చేసింది.

రెండోచోట లోపాలు లేవని కాదు. ఆడవాళ్లకి బాత్రూమ్ సరిగ్గా లేదు, తాగేనీళ్లు కొనుక్కోవాలి, అదనపు బాల్స్ రేటు బాగా ఎక్కువ. పదేళ్ల లోపు పిల్లలకి తక్కువ దెబ్బ తగిలే చిన్న గన్లు అక్కడ లేవు, అందుకే మా బుడ్డోణ్ని అత్తతో వల బయటే కూర్చోబెట్టాం. ఫుల్ చేతుల చొక్కా, ప్యాంటు, బూట్లు మీరే తెచ్చుకోండి. చెప్పులతో రానివ్వరు, రానివ్వకూడదు కూడా. ఉదయం ఏడు గంటల స్లాట్ అడగండి. పది దాటితే మాస్క్ లోపల చెమట, ఆవిరి, దాంతో తీయాలనే ఆత్రం. వేసవిలోనైతే వద్దే వద్దు.

బస విషయానికొస్తే, మైపాడు బీచ్ పక్కన గదులు చూశాం. సముద్రం బాగుంది కానీ గదిలో చెమ్మ వాసన, చీకటి పడితే ఆటో దొరకడం కష్టం. పట్నం అక్కడికి పాతిక కిలోమీటర్లు. అందుకే ఊళ్లోనే లాడ్జి తీసుకున్నాం. భోజనానికి చేపల పులుసు దగ్గర్లోనే దొరుకుతుంది, అవసరమైతే కంటి డాక్టరు కూడా. పొరపాటున కంటికి దెబ్బ తగిలితే రుద్దొద్దు, నొక్కొద్దు, చుక్కలు వేయొద్దు. నొప్పి తగ్గినట్టున్నా అదే రోజు చూపించాలి. బుక్ చేసేముందు ఫోన్‌లో ఈ మూడూ అడగండి: వేగం కొలిచే మీటర్ ఉందా, ఆటకి ఎంతమంది రెఫరీలు, మాస్క్ ఆవిరి పడితే ఏం చేస్తారు. మూడోదానికి "పైకెత్తి తుడుచుకోండి" అంటే వేరేచోటు చూసుకోండి.