సెలైన్ చుక్కలా, స్మార్ట్ పంపా: మందు కొలవడానికి ఏది మేలు?

ఒక లీటరు సెలైన్ 8 గంటల్లో ఎక్కించాలి, అంటే గంటకు 125 మిల్లీలీటర్లు. మిల్లీలీటరుకు 20 చుక్కలు పడే సెట్టు (సీసా నుంచి చేతికి వచ్చే గొట్టం) వాడితే నిమిషానికి దాదాపు 42 చుక్కలు. నర్సు గడియారం చూస్తూ చుక్కలు లెక్కపెట్టి, గొట్టాన్ని నొక్కి వేగం తగ్గించే రోలర్ క్లాంపును బొటనవేలితో కొద్దికొద్దిగా జరుపుతూ వేగాన్ని ఆ లెక్కకు తెస్తుంది. ఆమె పక్క మంచం దగ్గరికి వెళ్లగానే రోగి చెయ్యి మడుస్తాడు, లేదా లేచి కూర్చుంటాడు. అంతటితో ఆ 42 కాస్తా 25 అవుతుంది, ఒక్కోసారి 60 కూడా అవుతుంది.

ఇలాంటి పనిని తెలివైన యంత్రానికి అప్పగిస్తే బాగుంటుందని అందరికీ అనిపిస్తుంది. నాకూ అనిపిస్తుంది. కానీ ద్రవరూపంలో మందు ఇచ్చే ప్రతి పరికరానికీ సెన్సరు, సాఫ్ట్‌వేరు, వైఫై తగిలించడం మేలు కాదు. ఈ పరికరంతో ఏ పొరపాటు జరుగుతోంది, ఆ పొరపాటు ఎంత ప్రమాదం, కొత్తగా తగిలించేది సరిగ్గా దాన్నే పట్టుకుంటుందా అన్నవి ముందు చూడాలి.

మామూలు డ్రిప్‌నే తీసుకుందాం. ఒంట్లో నీరు తగ్గిన మనిషికి సెలైన్ ఎక్కించేటప్పుడు అది అరగంట ముందు అయిపోయినా, వెనక అయిపోయినా చాలామందిలో పెద్ద తేడా ఉండదు. కరెంటు పోయినా డ్రిప్ ఆగదు. సీసాలో ఎంత మిగిలిందో రోగి పక్కన కూర్చున్నవాళ్లకు కూడా కనిపిస్తుంది. మిల్లీలీటరుకు 60 చుక్కలు పడే మైక్రో సెట్టులో అయితే నిమిషానికి ఎన్ని చుక్కలో గంటకు అన్ని మిల్లీలీటర్లు, లెక్క కట్టే పనే లేదు.

ఇక్కడ నాకు బాగా నచ్చింది సీసా కింద చుక్కలు పడే గది, అంటే డ్రిప్ చాంబరుకు తగిలించే చిన్న చుక్కల సెన్సరు. అది పరారుణ కాంతితో ఒక్కో చుక్కనూ లెక్కపెట్టి వేగం చూపిస్తుంది, వేగం మారినా, చుక్కలు ఆగిపోయినా అలారం మోగిస్తుంది. ఇలాంటివి చాలావరకు లెక్కపెట్టడమే తప్ప వేగాన్ని సరిచెయ్యవు. చుక్క పరిమాణం కూడా సెట్టును బట్టి, ద్రవం చిక్కదనాన్ని బట్టి మారుతుంది. అయినా మంచాలు ఎక్కువ, నర్సులు తక్కువ ఉన్న వార్డులో మందును మోటారుతో తోసే ఖరీదైన పంపు కంటే ముందు దీన్నే కొనమంటాను.

ఐసీయూలో సంగతి వేరు. బీపీ పడిపోయినవాళ్లకు ఇచ్చే నార్‌అడ్రినలిన్‌ను చూడండి. 70 కిలోల మనిషికి కిలోకు నిమిషానికి 0.1 మైక్రోగ్రాము చొప్పున ఇవ్వాలంటే గంటకు 420 మైక్రోగ్రాములు. 50 మిల్లీలీటర్ల సిరంజిలో 4 మిల్లీగ్రాముల మందు కలిపితే మిల్లీలీటరుకు 80 మైక్రోగ్రాములు. అంటే సిరంజి పంపు గంటకు 5.25 మిల్లీలీటర్లు తొయ్యాలి. దీన్ని చుక్కలతో నడపడం కుదరదు, పంపు కావాల్సిందే.

అయితే మామూలు పంపు చెప్పినంత చేస్తుంది, అంతే. 5.25 నొక్కబోయి దశాంశ బిందువు మరిచిపోయి 525 అని నొక్కితే, అంత వేగం తన శక్తికి మించనంత వరకు అలాగే తోసేస్తుంది. లోపలున్నది సెలైనో, నార్‌అడ్రినలినో దానికి తెలియదు. వేగం విషయంలో చాలా కచ్చితంగా ఉంటుంది కాబట్టి, తప్పు అంకెను కూడా అంతే కచ్చితంగా ఎక్కిస్తుంది. నన్ను భయపెట్టేది ఇదే.

స్మార్ట్ పంపుకు ఆ పేరు తెచ్చింది అందులోని మందుల పట్టిక. ఏ వార్డులో ఏ మందు, ఏ గాఢతలో, కనీసం ఎంత నుంచి గరిష్ఠం ఎంత వరకు ఇవ్వొచ్చో ఆసుపత్రిలోని ఫార్మసిస్టులు, డాక్టర్లు కూర్చుని ముందే రాసి పంపులోకి ఎక్కిస్తారు. నర్సు మందు పేరు ఎంచుకుని డోసు కొడుతుంది. మెత్తని హద్దు దాటితే పంపు హెచ్చరిస్తుంది, కారణం ఉంటే ముందుకు వెళ్లొచ్చు. గట్టి హద్దు దాటితే మొదలే కాదు. పైన చెప్పిన 525ను ఆపేది ఆ గట్టి హద్దే. ప్రాణం నిలబెట్టే మందులు నడిచే చోట ఈ ఒక్క సౌకర్యం కోసమైనా స్మార్ట్ పంపే మేలని నా గట్టి అభిప్రాయం.

కానీ దీనికీ కంతలున్నాయి. పట్టికలో వెతికే తీరిక లేక, మందు పేరు ఎంచుకోకుండా ఉత్త వేగం మాత్రమే కొట్టే పద్ధతిలో నడిపితే హద్దులేవీ పనిచెయ్యవు, స్మార్ట్ పంపు మామూలు పంపైపోతుంది. ఇంకోటి, గాఢత. సిరంజిలో 4 బదులు 8 మిల్లీగ్రాములు కలిపి, పంపులో మాత్రం 4 అని ఎంచుకుంటే స్క్రీన్ మీద అన్నీ సవ్యంగానే కనిపిస్తాయి, రోగికి రెట్టింపు డోసు వెళ్తుంది. హద్దులు మరీ బిగించి రాస్తే అనవసరపు అలారాలు మోగి మోగి, చివరకు ఎవరూ పట్టించుకోరు. అందుకే పంపు కొనడంతో పని అయిపోదు. ఆ పట్టికను ఎవరు రాస్తారు, ఎన్నాళ్లకోసారి సవరిస్తారు అన్నదానికి జవాబు లేని ఆసుపత్రికి స్మార్ట్ పంపు వద్దనే చెబుతాను.

సాఫ్ట్‌వేరు కూడా తప్పు చేస్తుంది. 2005 నుంచి 2009 వరకు ఇన్‌ఫ్యూజన్ పంపుల (ఒంట్లోకి మందు ఎక్కించే ఇలాంటి పంపుల) ఇబ్బందుల గురించి మందులనూ, వైద్య పరికరాలనూ నియంత్రించే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏకు దాదాపు 56,000 నివేదికలు అందాయి. 2010లో ఆ సంస్థ వీటి మీద ప్రత్యేక కార్యక్రమం మొదలుపెట్టింది. అప్పుడు చూపిన లోపాల్లో ఒకటి, మీటను ఒకసారి నొక్కితే రెండుసార్లుగా నమోదు కావడం. 10 కొడితే 100 పడుతుంది! ఇక నెట్‌వర్క్ సంగతి. 2015 జులైలో హాస్పీరా కంపెనీ సింబిక్ పంపులను బయటివాళ్లు నెట్‌వర్క్ ద్వారా అదుపులోకి తీసుకునే అవకాశం ఉందని, వాటిని వాడొద్దని ఎఫ్‌డీఏ ఆసుపత్రులకు సూచించింది. వైఫై ఉన్న పంపును కొనేటప్పుడు సెక్యూరిటీ అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారో రాతపూర్వకంగా అడగాలి.

అలాగని నెట్‌వర్కే వద్దనను. రోగి చేతి పట్టీ, మందు, పంపు మూడింటి బార్‌కోడ్‌లూ స్కాన్ చేస్తే డాక్టరు రాసిన డోసు నేరుగా పంపు స్క్రీన్ మీదికి వస్తుంది, నర్సు సరిచూసుకుని మొదలుపెడుతుంది. చేత్తో అంకెలు కొట్టే పనే పోతుంది. పక్క రోగి మందు పొరపాటున ఈ రోగికి పెట్టడం మందుల పట్టికకు తెలియదు, బార్‌కోడుకు తెలుస్తుంది. పట్టిక చక్కగా నడుస్తున్న చోట తర్వాతి మెట్టు ఇదే.

ఇంట్లో పిల్లలకు పట్టే సిరప్‌కు ఇవేవీ అక్కర్లేదు. చెంచాలన్నీ ఒక కొలతలో ఉండవు, మిల్లీలీటర్ల గీతలున్న సూది లేని సిరంజి చాలు. అసలు చూసుకోవాల్సింది సీసా మీది గాఢత. పారాసెటమాల్ సిరప్ 5 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాములదీ ఉంటుంది, 250దీ ఉంటుంది. 120 సీసా కొలతను 250 సీసాకు వాడితే డోసు రెట్టింపు దాటుతుంది. యాప్ ఉన్నా లేకున్నా లేబుల్ చదవాల్సిందే.

ఇన్సులిన్ పెన్ను దగ్గర మాత్రం కాస్త తెలివి నిజంగా పనికొస్తుంది. "పొద్దున ఇన్సులిన్ వేసుకున్నానా, లేదా?" అన్న అనుమానం ఎంత టెన్షన్ పెడుతుందో రోజూ వేసుకునేవాళ్లకు తెలుసు. గుర్తులేక రెండోసారి వేసుకుంటే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. స్మార్ట్ పెన్ను ఎప్పుడు ఎన్ని యూనిట్లు నొక్కారో గుర్తుపెట్టుకుని ఫోనుకు పంపుతుంది. మతిమరుపు ఉన్న పెద్దవాళ్లకు, రోజుకు మూడు నాలుగు సార్లు వేసుకునేవాళ్లకు మామూలు పెన్ను కంటే ఇదే మేలు. రోజుకు ఒక్కసారే, ఒకే వేళకు వేసుకునేవాళ్లకు క్యాలెండరులో టిక్కు పెట్టుకోవడం సరిపోతుంది.

పెన్ను రాసుకునేది నొక్కిన యూనిట్లనే. ఆ ఇన్సులిన్ ఒంట్లోకి వెళ్లిందో, సూది మొదట్లోంచి చర్మం మీదికి కారిపోయిందో దానికి తెలియదు. ముందు 2 యూనిట్లు బయటికి వదిలి సూది కొసన చుక్క వచ్చిందో లేదో చూడటం, నొక్కాక 10 లెక్కపెట్టేదాకా సూది తియ్యకుండా ఉండటం ఏ పెన్ను వాడినా చెయ్యాల్సిందే.