టెక్సాస్ ఎండిసిపి, ఇంటి నర్సింగ్: కార్డు మంచిదే, షిఫ్టు నిండడమే కష్టం

ట్రాక్ (ఊపిరి కోసం గొంతుకి పెట్టే గొట్టం) పెట్టిన బిడ్డ, రాత్రంతా వెంటిలేటర్ మీద ఉండే బిడ్డ ఆసుపత్రి నుంచి ఇంటికి రావాలంటే, అందరూ పడుకున్నాక మెలకువగా కూర్చునే నర్సు ఒకరు కావాలి. కంపెనీ ఇన్సూరెన్సులు చాలావరకు కొన్ని విజిట్లు ఇచ్చి ఆపేస్తాయి. టెక్సాస్‌లో ఆ లోటు పూడ్చేది మెడికెయిడ్, అంటే తక్కువ ఆదాయం వాళ్లకని ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా. ఫ్రిస్కో, ఇర్వింగ్, కేటీ వైపు మనవాళ్లు "మన జీతానికి మెడికెయిడ్ ఎక్కడొస్తుంది" అనుకుని అడగడమే మానేస్తారు. ఈ పిల్లల విషయంలో ఆ లెక్క వేరు.

ఎండిసిపి (మెడికల్లీ డిపెండెంట్ చిల్డ్రన్ ప్రోగ్రామ్) అనేది మెడికెయిడ్ వెయివర్, అంటే మామూలు నిబంధనలు సడలించి ఇంట్లోనే సేవలిచ్చే పథకం. ఇందులో తల్లిదండ్రుల జీతం చూడరు, బిడ్డ సొంత ఆదాయం, ఆస్తి మాత్రమే చూస్తారు. ఈ సడలింపు వెనక అయోవాకి చెందిన కేటీ బెకెట్ అనే పాప ఉంది. ఆసుపత్రిలో ఉన్నంతకాలం ఆమె ఖర్చు మెడికెయిడ్ భరించింది, ఇంటికి వెళితే తల్లిదండ్రుల ఆదాయం అడ్డొచ్చేది. 1981లో అధ్యక్షుడు రేగన్ ఆ సంగతి బయటికి చెప్పాక నిబంధన సడలింది.

మొదట ఒక గందరగోళం తీరాలి. గంటల లెక్కన వచ్చే ప్రైవేట్ డ్యూటీ నర్సింగ్ ఎండిసిపి ఇచ్చేది కాదు. 21 ఏళ్లలోపు మెడికెయిడ్ ఉన్న ప్రతి బిడ్డకీ వైద్యపరంగా అవసరమైనది ఇవ్వాలన్న ఇపిఎస్‌డిటి అనే ఫెడరల్ నియమం కింద అది వస్తుంది. జీతం ఎక్కువున్న ఇంటికి మెడికెయిడ్ తలుపు తీసేది ఎండిసిపి. దాంతోపాటు తల్లిదండ్రులు కాస్త ఊపిరి తీసుకోవడానికి రెస్పైట్ గంటలు, ర్యాంపు, బాత్రూమ్ మార్పుల వంటివి వస్తాయి. ఆదాయం పేదరిక రేఖకి మూడు రెట్లలోపు ఉంటే మెడికెయిడ్ బై-ఇన్ ఫర్ చిల్డ్రన్ అనే దారి కూడా ఉంది, ముందు అదే చూడండి.

బిడ్డ పేరున సొంత ఆస్తి 2,000 డాలర్లు దాటకూడదు. బారసాలకీ పుట్టినరోజులకీ వచ్చిన డబ్బు బిడ్డ పేరున ఖాతాలో వేయడం వల్ల అర్హత పోయే ప్రమాదం ఉంది. దాచాలంటే వైకల్యం ఉన్నవాళ్ల కోసం ఉన్న ఏబుల్ ఖాతాలో దాచండి.

ఈ పథకంలో అన్నిటికన్నా బాధపెట్టేది ఇంటరెస్ట్ లిస్ట్, అంటే పేరు రాయించుకుని ఎదురుచూసే వరస. ఏళ్లు పడుతుంది. పేరు రాయించేటప్పుడు ఆదాయం, రోగం ఏవీ పరిశీలించరు కాబట్టి డయాగ్నసిస్ వచ్చిన రోజే ఫోన్ చేయండి, క్లాస్, హెచ్‌సిఎస్ అనే మరో రెండు వెయివర్ల జాబితాల్లో కూడా అప్పుడే రాయించండి. వేరే రాష్ట్రంలో వెయివర్ ఉన్నా ఇక్కడికి బదిలీ కాదు. ప్రాజెక్టు మారి న్యూజెర్సీ నుంచి డాలస్ వచ్చేవాళ్లు మళ్లీ వరస చివర నిలబడాలి. నర్సింగ్ ఫెసిలిటీలో కొద్దిసేపు ఉండి వరస దాటే పద్ధతి ఒకటుంది. బిడ్డ ఇంకా ఆసుపత్రిలో ఉండగానే సోషల్ వర్కర్‌ని దాని గురించి అడగాలి.

వరసలో పేరు వచ్చాక, వైకల్యం ఉన్న పిల్లల మెడికెయిడ్‌ని నడిపే స్టార్ కిడ్స్ ప్లాన్ నుంచి నర్సు ఇంటికొచ్చి ఎస్‌కె-సాయ్ అనే అసెస్‌మెంట్ చేస్తుంది. మన తల్లులు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. "ఎలా ఉన్నాడు?" అంటే "దేవుడి దయవల్ల బాగానే ఉన్నాడండి" అని నోటికి వచ్చేస్తుంది. ఆ మాట కాగితం మీద "అవసరం తగ్గింది" అయిపోతుంది. బాగున్నది ఎంత సేవ చేస్తే బాగుందో చెప్పండి. రెండు వారాల ముందు నుంచే నోట్‌బుక్ పెట్టండి: సక్షన్ (కఫం లాగడం) ఎన్నిసార్లు, రాత్రి ఎన్నిసార్లు, ఆక్సిజన్ ఎంతకి పడింది, ఏం చేస్తే లేచింది, ఫిట్స్ ఎన్ని నిమిషాలు, ఫీడ్ ఎన్ని మిల్లీలీటర్లు, ఎంత వాంతి. అడిగితే తెలుగు దుబాసీని ప్లాన్ ఉచితంగా ఇవ్వాలి.

కంపెనీ ఇన్సూరెన్స్ మానేయకండి. మెడికెయిడ్ ఎప్పుడూ ఆఖర్న చెల్లిస్తుంది. అందుకే మొదటి ఇన్సూరెన్స్ నర్సింగ్‌కి ఇచ్చిన తిరస్కరణ ఉత్తరం నర్సులని పంపే ఏజెన్సీ చేతిలో ఉండాలి, అది లేకనే ఫైళ్లు ఆగుతాయి. డాక్టర్ ఆర్డర్, ప్లాన్ ఆఫ్ కేర్, 24 గంటల్లో ఏ గంట ఎవరు చూసుకుంటున్నారో చూపే పట్టిక కలిపి పంపుతారు. మొదటి అనుమతి 90 రోజుల దాకా, తర్వాత ఆరు నెలల దాకా ఉంటుంది. ఆ పట్టికలో తల్లిదండ్రుల నిద్ర గంటలు, ఉద్యోగం గంటలు తప్పక రాయించండి.

ఇక నర్సులు. గంటలు మంజూరైనా మనిషి రాకపోవడం ఈ సేవలో అసలు లోపం. ట్రాక్, వెంట్ తెలిసిన పిల్లల నర్సులు తక్కువ, ఆసుపత్రి జీతం ఎక్కువ. వారాంతం రాత్రులు మరీ ఖాళీ. నిండని షిఫ్టు రికార్డులో "నర్సు దొరకలేదు" అని ఉందా, "కుటుంబం వద్దంది" అని ఉందా ప్రతి నెలా అడిగి చూడండి. రెండో మాట ఉంటే వచ్చే అనుమతిలో గంటలు కోస్తారు. నర్సు నోట్స్‌లో రోజూ "స్టేబుల్, బాగా నిద్రపోయింది" అని మాత్రమే ఉన్నా అదే జరుగుతుంది. ఒకే ఏజెన్సీని నమ్ముకోకుండా గంటలు రెండు ఏజెన్సీలకి పంచొచ్చు. కొత్త నర్సుని మొదటి రాత్రే ఒంటరిగా వదలకండి. అదే సైజు ట్రాక్, ఒక సైజు చిన్నది, ట్రాక్‌ని కట్టే టైలు, కత్తెర, జెల్, చేత్తో నొక్కి ఊపిరిచ్చే యాంబు బ్యాగ్, ఛార్జయిన పోర్టబుల్ సక్షన్ ఎక్కడున్నాయో తనే చూపించేదాకా కూర్చోండి.

రెస్పైట్ గంటల్ని సిడిఎస్ (కుటుంబమే యజమానిగా ఉండే) పద్ధతిలో తీసుకుంటే మనిషిని మీరే పెట్టుకోవచ్చు. కానీ మైనర్ బిడ్డ తల్లిదండ్రులకి జీతం ఇవ్వరు. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మమ్మని, నానమ్మని ఆ కాగితాల్లో ఉద్యోగిగా రాయడం వీసా ఉల్లంఘన, వాళ్ల తిరుగు రాకకే ఎసరు పెడుతుంది.

వీసా భయం మరొకటి. పౌరసత్వం ఉన్న బిడ్డకి తల్లిదండ్రుల హెచ్-1బి అడ్డు కాదు. గ్రీన్‌కార్డు అడిగేవాళ్లు ప్రభుత్వ సాయం మీద ఆధారపడతారా అని చూసే పబ్లిక్ చార్జ్ నిబంధన ఒకటుంది. దాని 2022 రూపం బిడ్డ తీసుకునే మెడికెయిడ్‌ని తల్లిదండ్రుల లెక్కలో వేయలేదు. గ్రీన్‌కార్డు దాఖలు చేసే ముందు ఆ రోజుకి ఉన్న నిబంధన లాయర్‌తో చూసుకోండి.

గంటలు తగ్గించారని ఉత్తరం వస్తే ఊరుకోవద్దు. ప్లాన్‌కి అప్పీలు పెట్టడానికి 60 రోజులుంటాయి, కానీ పాత గంటలు ఆగకుండా సాగాలంటే 10 రోజుల్లోపే రాతపూర్వకంగా అడగాలి. పోస్టు ముద్ర ఉన్న కవరు పారేయకుండా ఉంచండి. అక్కడా కాదంటే 120 రోజుల్లోపు స్టేట్ ఫెయిర్ హియరింగ్, అంటే రాష్ట్రం జరిపే విచారణ ఉంది. డాక్టర్ ఉత్తరంలో "కుటుంబానికి సాయం కావాలి" అని కాక, నర్సు లేని గంటలో బిడ్డకి ఏం జరగగలదో ఉండాలి.

ఐదుకి మార్కులు వేస్తే, మెడికెయిడ్ కార్డుకి నాలుగున్నర, నర్సింగ్ సరఫరాకి రెండు. 21వ పుట్టినరోజుతో ఎండిసిపి, ప్రైవేట్ డ్యూటీ నర్సింగ్ రెండూ ఆగిపోతాయి. పెద్దల స్టార్‌ప్లస్ వెయివర్‌లో ఖర్చుకి పరిమితి ఉంది కాబట్టి రాత్రి నర్సు గంటలు తగ్గొచ్చు. 20 నిండగానే ఆ దరఖాస్తు మొదలుపెట్టించండి.