ఫ్లోరిడాలో తెల్లకొంగల కోసం వెతుకులాట: దండగైన పడవ, దక్కిన పచ్చిక

పక్షుల కోసం ఫ్లోరిడా వెళ్ళేవారు ఎయిర్‌బోటు (వెనక పెద్ద ఫ్యానుతో నడిచే చదును పడవ) విహారానికి డబ్బు తగలేయవద్దని ముందే చెబుతున్నాను. మనిషికి 35 డాలర్లు, పైన పన్ను. నలుగురికి 150 డాలర్ల దాకా సమర్పించుకుంటే మాకు దక్కినవి చెవులు చిల్లులు పడే ఇంజిను మోత, ఆ మోతకు బెదిరి ఎగిరిపోతున్న పక్షుల తోకలు. దానికి తోడు, గట్టున ఉన్న తెల్లకొంగను (పశువుల వెంట తిరిగే క్యాటిల్ ఈగ్రెట్) చూపి, ఈగలను తినడానికి పశుపోషకులు ఆఫ్రికా నుంచి తెప్పించిన పక్షి ఇదని గైడు సెలవిచ్చాడు. ఎవరూ తేలేదు, అదే వచ్చిందని మా అల్లుడు మర్యాదగా చెబితే, వెకిలిగా నవ్వి ఇంజిను వేగం పెంచాడు. మా అమ్మాయి కోపం రాత్రి భోజనం దాకా చల్లారలేదు.

1959లో అలా ఈగల కోసం మనుషులు తీసుకెళ్ళింది హవాయికి. గైడు ఆ కథను ఇక్కడికి అతికించి ఉంటాడు. అమెరికా ఖండాలకు మాత్రం ఈ కొంగ స్వయంగా అట్లాంటిక్ దాటి వచ్చింది. 19వ శతాబ్దం చివర దక్షిణ అమెరికా ఈశాన్య తీరంలో కనిపించి, 1941 నాటికి ఫ్లోరిడా చేరి, 1953లో ఒకీచోబీ సరస్సు దగ్గర గూడు కట్టింది. రెక్కలొచ్చిన పిల్లలు ఏ దిక్కుకైనా దూరంగా వెళ్ళిపోవడం ఈ జాతి స్వభావం. వ్యాపార పవనాలు సముద్రం దాటడానికి తోడ్పడి ఉంటాయి. అయితే చేరడం వేరు, నిలదొక్కుకోవడం వేరు. అడవులు నరికి పచ్చిక బయళ్ళు చేసి పశువులను వదిలిన మనుషులే, తెలియకుండా, దానికి విస్తరి వేసి పెట్టారు.

ఎవర్‌గ్లేడ్స్ నేషనల్ పార్కు బాగుంది. 2024లో కారుకు 35 డాలర్లు, ఏడు రోజులు చెల్లుతుంది. అసలు ఆనందం ఒకీచోబీకి ఉత్తరాన, పైసా ఖర్చు లేకుండా, రోడ్డు పక్క పచ్చికలో దొరికింది. "మన గేదెల వెంట తిరిగే కొంగ కోసం ఇంత దూరమా?" అని దారంతా సణిగిన మా శ్రీమతే, ఆవుల కాళ్ళ సందున మిడతలను ఏరుకుంటున్న గుంపును చూసి కారు ఆపించింది. ఇవి మన రకం కావని, పడమటి రకమని తొలుత పట్టుకున్నదీ ఆవిడే: గుడ్లు పెట్టే కాలంలో మన తూర్పు రకానికి బుగ్గలు, గొంతు కూడా నారింజ రంగు తేలుతాయి, వీటికి నడినెత్తిన, రొమ్మున, వీపున మాత్రమే ఆ ఛాయ. ఆ తేడా చూడదలచినవారు వసంతంలో వెళ్ళాలి. చలికాలంలో రెండూ తెల్లగానే ఉంటాయి. పచ్చికలు చాలావరకు ప్రైవేటు భూములు కనుక కంచె దాటకుండా, బైనాక్యులర్స్‌తో రోడ్డు మీంచే చూడాలి.