రాత్రికి స్లీపా, షట్‌డౌనా? ఎనిమిదేళ్లు రెండూ వాడి చూశాక

ముందే చెప్పేస్తాను. డెస్క్‌టాప్ అయితే రాత్రికి స్లీప్‌లో పెట్టేయండి, వారానికి ఒక్కసారి రీస్టార్ట్ చేయండి. ల్యాప్‌టాప్ అయితే స్లీప్‌ని నమ్మకండి, హైబర్నేట్ వాడండి, అంటే తెరిచినవన్నీ ఉన్నవి ఉన్నట్టు డిస్క్ మీద రాసుకుని మెషీన్ పూర్తిగా ఆగిపోయే పద్ధతి. ఈ రెండు ముక్కలు తెలియడానికి నాకు ఎనిమిదేళ్లు పట్టింది, మధ్యలో ఒక రాత్రి రెండు వారాల పని కూడా పోయింది, అందుకే ఎందుకలా అంటున్నానో పూర్తిగా రాస్తున్నాను.

నాది ఇంట్లో కూర్చుని చేసే అనువాదం పని. 2017లో అసెంబుల్ చేయించుకున్న డెస్క్‌టాప్, 16 జీబీ ర్యామ్, విండోస్ 10. ఒక పక్క మూలం పీడీఎఫ్, ఇంకో పక్క రాస్తున్న ఫైలు, రెండు మూడు నిఘంటువులు, బ్రౌజర్‌లో ఇరవై దాకా ట్యాబులు, ఏ మాటకి ఏ మాట వాడుతున్నానో రాసుకునే నోట్‌ప్యాడ్, రోజంతా ఇవన్నీ తెరిచే ఉంటాయి. మొదటి నాలుగేళ్లు ప్రతి రాత్రీ అన్నీ మూసేసి, షట్‌డౌన్ చేసి, గోడ మీద స్విచ్ కూడా ఆపి పడుకునేవాణ్ణి. మనకి నిద్ర ఎలాగో మెషీన్‌కి అది అలాగని గట్టి నమ్మకం. పొద్దున్నే ఆన్ చేసి, ఒక్కొక్కటీ మళ్లీ తెరిచి, నిన్న ఏ పేరా దగ్గర ఆగానో వెతుక్కుని పనిలో పడేసరికి పావుగంట అయ్యేది. అదేమీ పెద్ద కష్టం అనిపించలేదు, మెషీన్ బాగుంటే చాలు అనుకున్నాను.

కానీ బాగుండేది కాదు. రోజూ అంత జాగ్రత్తగా ఆపుతున్నా కొన్ని వారాలకి మందగించేది, ప్రింటర్ కనపడటం లేదనేది, ఒక్కోసారి సౌండ్ వచ్చేది కాదు. 2021లో ఒకరోజు విసుగొచ్చి టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ మీద నొక్కితే, కింద అప్ టైమ్ దగ్గర 41 రోజులు అని కనపడింది. నిన్న రాత్రే ఆపాను, గోడ స్విచ్‌తో సహా. మరి 41 రోజులుగా నడుస్తోందంటుందేమిటి?

సంగతేమిటంటే, విండోస్ 8 వచ్చినప్పటి నుంచి, అంటే 2012 నుంచి, ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి ఉంది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ నొక్కినప్పుడు మనం తెరిచిన ప్రోగ్రాములు మూతపడతాయి, కానీ విండోస్ లోపలి భాగం, ప్రింటర్, సౌండ్ లాంటివాటిని నడిపే డ్రైవర్లతో సహా, ఉన్న స్థితిలో ఉన్నట్టు డిస్క్ మీద ఒక ఫైలులోకి వెళ్లి కూర్చుంటుంది. మర్నాడు ఆన్ చేయగానే అదే స్థితి తిరిగి ర్యామ్‌లోకి ఎక్కుతుంది. కరెంటు పూర్తిగా తీసేసినా తేడా ఉండదు, ఎందుకంటే అది డిస్క్ మీద ఉంది. పూర్తిగా కొత్తగా మొదలవ్వాలంటే రీస్టార్ట్ నొక్కాలి. ఈ ఒక్క విషయం నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో. మీ ఇంట్లో కూడా ‘రోజూ ఆపుతున్నా స్లో అయిపోతోంది’ అనేవాళ్లుంటే ముందు ఆ అప్ టైమ్ చూడమనండి.

అది చూసిన కోపంలో అడ్మిన్ హక్కులతో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, పవర్‌సీఎఫ్‌జీ, స్లాష్ హెచ్ ఆఫ్ అని కొట్టాను. దాంతో హైబర్నేషనే పోయింది, దాని మీద ఆధారపడిన ఫాస్ట్ స్టార్టప్ కూడా పోయింది. ఇప్పుడు షట్‌డౌన్ అంటే షట్‌డౌనే. అయితే పొద్దున ఆన్ అవడానికి ముందుకన్నా ఎక్కువసేపు పడుతుండటంతో, సరే ఒక వారం స్లీప్ చూద్దాం అని మొదలుపెట్టాను.

నిజంగా చాలా నచ్చింది. పొద్దున కీబోర్డ్ మీద ఏదో ఒక కీ నొక్కితే రెండు మూడు సెకన్లలో స్క్రీన్ వచ్చేస్తుంది, రాత్రి నిద్ర ముంచుకొచ్చి సగంలో వదిలేసిన వాక్యం చివర కర్సర్ అక్కడే కొట్టుకుంటూ ఉంటుంది, పక్కన నిఘంటువులో వెతుకుతున్న మాట కూడా అలాగే ఉంటుంది. అనువాదం చేసేవాళ్లకి, ఆ మాటకొస్తే ఒకే పని రోజుల తరబడి చేసే ఎవరికైనా, ఆ పావుగంట ఎంత విలువైనదో అప్పుడు తెలిసింది. వెతుక్కోవడమే పోయింది కదా.

స్లీప్‌లో జరిగేది ఇదీ: ప్రాసెసర్, డిస్కులు, ఫ్యాన్లు అన్నీ ఆగిపోతాయి, ఒక్క ర్యామ్‌కి మాత్రం కొద్దిగా కరెంటు అందుతూ ఉంటుంది. ర్యామ్‌కి సొంతంగా గుర్తుంచుకునే శక్తి లేదు, సుమారు 64 మిల్లీసెకన్లకోసారి అందులో ఉన్నదాన్ని మళ్లీ తాజా చేస్తూ ఉండాలి. ఆ కాస్త కరెంటూ ఆగిందా, ఉన్నదంతా పోతుంది.

పోయింది. స్లీప్ మొదలుపెట్టిన మూడో నెలలో ఒక రాత్రి కరెంటు పోయి వచ్చింది. పొద్దున కీ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు, పవర్ బటన్ నొక్కాక మొదటినుంచి బూట్ అయింది. అనువాదం ఫైలు రాత్రి సేవ్ చేశాను కాబట్టి దక్కింది. పోయింది నోట్‌ప్యాడ్. రెండు వారాలుగా ఒక్కో మాటా చేర్చుకుంటూ వచ్చిన పదాల పట్టిక, దాదాపు మూడు వందల మాటలు, దానికి ఒక పేరు పెట్టి సేవ్ చేయాలని నాకు ఎప్పుడూ తట్టలేదు, రోజూ పొద్దున అలాగే కనపడుతోంది కాబట్టి అది ఉన్నట్టే అనుకున్నాను. ఆ పుస్తకం మొదటి ఐదు అధ్యాయాలు మళ్లీ చదువుకుంటూ ఆ పట్టిక తిరిగి కట్టుకోవడానికి నాలుగు రోజులు పట్టింది.

తర్వాత ఆరా తీస్తే తెలిసింది, ఇలాంటి రాత్రుల కోసమే డెస్క్‌టాప్‌లలో హైబ్రిడ్ స్లీప్ అని ఉంటుందట. స్లీప్‌లోకి వెళ్లే ముందు ర్యామ్‌లో ఉన్నదంతా డిస్క్ మీద కూడా ఒక కాపీ రాసుకుంటుంది. కరెంటు ఉంటే పొద్దున ర్యామ్ నుంచి వెంటనే లేస్తుంది, కరెంటు పోతే డిస్క్ మీద ఉన్న కాపీ నుంచి కాస్త నెమ్మదిగా లేస్తుంది, ఎలా చూసినా పని పోదు. నా దాంట్లో అది ఎందుకు లేదంటే, నేను కొట్టిన ఆ స్లాష్ హెచ్ ఆఫ్ వల్ల. ఫాస్ట్ స్టార్టప్ తీసేద్దామని హైబర్నేషన్ మొత్తం పీకేశాను, దాంతో హైబ్రిడ్ స్లీప్ కూడా పోయింది. కాబట్టి ఆ కమాండ్ జోలికి వెళ్లకండి. ఫాస్ట్ స్టార్టప్ ఒక్కటే వద్దనుకుంటే కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కి వెళ్లి, పవర్ బటన్లు ఏం చేయాలో ఎంచుకునే చోట దాని టిక్ తీసేస్తే చాలు. హైబ్రిడ్ స్లీప్ ఉందో లేదో అదే పవర్ ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్ తెరిచి స్లీప్ కింద చూసుకోండి. నేను స్లాష్ హెచ్ ఆన్ అని కొట్టి అన్నీ వెనక్కి తెచ్చుకున్నాను. ఆ తర్వాత రెండుసార్లు రాత్రిపూట కరెంటు పోయింది, రెండుసార్లూ అన్నీ ఉన్నవి ఉన్నట్టే లేచాయి. అయినా పడుకునే ముందు కంట్రోల్ ఎస్ కొట్టడం మాత్రం మానలేదు.

కరెంటు ఎంత కాలుతుందని చాలామంది అడుగుతారు. సాకెట్‌కీ ప్లగ్‌కీ మధ్య పెట్టే చిన్న వాట్ మీటర్ పెట్టి చూశాను. ఊరికే ఆన్‌లో వదిలేస్తే 58 వాట్లు, స్లీప్‌లో రెండున్నర, షట్‌డౌన్ చేసి స్విచ్ ఆపకపోతే ఒక వాట్. రాత్రికి తొమ్మిది గంటలు లెక్కేస్తే ఆన్‌లో వదిలేసినందుకు ఏడాదికి 190 యూనిట్లు, స్లీప్‌కి ఎనిమిది, షట్‌డౌన్‌కి మూడు. అంటే స్లీప్‌కీ షట్‌డౌన్‌కీ మధ్య తేడా ఏడాది మొత్తానికి ఐదు యూనిట్లు. అసలు తప్పు రాత్రంతా ఆన్‌లో వదిలేయడం, దాని ముందు మిగతా రెండింటి తేడా లెక్కలోకి రాదు.

పార్టులు అరిగిపోతాయన్న భయం గురించి ఎక్కువ చెప్పను. మామూలు డెస్క్‌టాప్ హార్డ్ డిస్కులకు 50,000 సార్లు ఆగి తిరగడం దాకా ఫరవాలేదని తయారీదారులు రాస్తుంటారు, రోజుకోసారి అనుకుంటే నూట ముప్ఫై ఏళ్లు దాటుతుంది. పైగా స్లీప్‌లోనూ డిస్క్ ఆగుతుంది. హైబ్రిడ్ స్లీప్ రోజూ కాపీ రాస్తుంటే ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని డ్రైవ్, పాడవదా అంటే, రాత్రికి 5 జీబీ రాసినా ఏడాదికి 2 టీబీ కూడా కాదు, నా 500 జీబీ డ్రైవ్‌కి వారంటీలో ఇచ్చిన పరిమితి 300 టీబీ.

స్లీప్‌లో నన్ను ఎక్కువ విసిగించింది వేరే. అర్ధరాత్రి రెండింటికి దానంతట అదే లేచి గదంతా వెలుగు, ఫ్యాన్ మోత. కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ, స్లాష్ లాస్ట్‌వేక్ అని కొడితే చివరిసారి ఏది లేపిందో చూపిస్తుంది. నా దాంట్లో మౌస్. బల్ల కాస్త కదిలినా చాలు, లేచేది. డివైస్ మేనేజర్‌లో మౌస్ మీద రెండుసార్లు నొక్కి, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో కంప్యూటర్‌ని లేపే అనుమతి తీసేశాను, కీబోర్డ్‌కి మాత్రం ఉంచాను. నెట్‌వర్క్ కార్డుకీ అలాగే తీసేశాను, పవర్ ఆప్షన్స్‌లో, పెట్టిన టైముకి మెషీన్‌ని లేపే వేక్ టైమర్లు కూడా ఆపేశాను. అప్పటి నుంచి ఒక్క రాత్రి కూడా లేవలేదు.

ఇక ల్యాప్‌టాప్. 2022లో కొన్నది, విండోస్ 11. డెస్క్‌టాప్ అలవాటుతో మూత మూసి బ్యాగులో పెట్టి పడుకున్నాను. పొద్దున బ్యాగులో చెయ్యి పెడితే సెగ తగిలింది, బ్యాటరీ 11 శాతం. పవర్‌సీఎఫ్‌జీ, స్లాష్ ఏ అని కొట్టి చూస్తే డెస్క్‌టాప్‌లో ఉన్న పాత ఎస్3 స్లీప్ ఇందులో లేనే లేదు, దాని బదులు ఎస్0 ఉంది, దీన్నే మోడర్న్ స్టాండ్‌బై అంటారు. ఇందులో మెషీన్ పూర్తిగా పడుకోదు, ఫోన్‌లాగా స్క్రీన్ ఆపేసి లోపల మేలుకునే ఉంటుంది, మధ్యమధ్యలో మెయిళ్లూ అప్‌డేట్లూ చూసుకుంటుంది. ఏదైనా ప్రోగ్రామో డ్రైవరో సరిగ్గా సద్దుమణగకపోతే బ్యాగులో గాలి ఆడక అలా వేడెక్కుతుంది. ఇది నాకు అస్సలు నచ్చలేదు, మూత మూస్తే పడుకోవాలి కదా! ఇప్పుడు మూత మూస్తే హైబర్నేట్ అయ్యేలా పెట్టుకున్నాను. పవర్ మెనూలో హైబర్నేట్ మామూలుగా కనపడదు, ఫాస్ట్ స్టార్టప్ టిక్ ఉన్న చోటే దానిదీ ఉంటుంది, పెట్టుకోవాలి. లేవడానికి పదిహేను ఇరవై సెకన్లు పడుతుంది కానీ రాత్రి ఎంత చార్జ్ ఉందో పొద్దునా దాదాపు అంతే ఉంటుంది.

షట్‌డౌన్ ఇప్పుడు నేను చేసేది రెండే సందర్భాల్లో. రెండు మూడు రోజులు ఊళ్లో లేనప్పుడు ఒకటి, పిడుగులు పడేట్టున్న రాత్రి ఇంకొకటి. అప్పుడు ఒట్టి షట్‌డౌన్ చాలదు, ప్లగ్ పీకాలి, ఇంటర్నెట్ కేబుల్ కూడా తీయాలి, తీగ తగిలే ఉంటే మెషీన్ ఆగి ఉన్నా పిడుగు దెబ్బ తగలొచ్చు.

ఇంకొకటి. మొదటి నాలుగేళ్లు రోజూ గోడ స్విచ్ ఆపేవాణ్ణి అన్నాను కదా, కరెంటు అసలు అందనప్పుడు కంప్యూటర్‌లో గడియారాన్ని నడిపేది మదర్‌బోర్డ్ మీద ఉండే సీఆర్2032 కాయిన్ సెల్. ప్లగ్ ఉండి స్విచ్ ఆన్‌లో ఉంటే ఆ పని సప్లై నుంచే జరుగుతుంది, సెల్ మీద భారం పడదు. 2021 చివర్లో ఒక పొద్దున ఆన్ చేస్తే తారీఖు ఏళ్ల వెనక్కి వెళ్లిపోయి ఉంది, తారీఖు తప్పు కావడంతో బ్రౌజర్ ఏ సైటూ సురక్షితం కాదంటూ తెరవనివ్వలేదు. సెల్ మార్చాక సరిపోయింది. అప్పటి నుంచి గోడ స్విచ్ ముట్టుకోవడం లేదు, ఆ సెల్ ఇంకా నడుస్తూనే ఉంది.