గుండెకి డైరెక్ట్ ఎనర్జీ అన్న ఎంసీటీ ఆయిల్, నెలన్నర తర్వాత నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఈ ఎంసీటీ ఆయిల్ (మీడియం చైన్ కొవ్వుల నూనె, అంటే మామూలు వంటనూనెల కంటే కార్బన్ గొలుసులు పొట్టిగా ఉండేది) చెడ్డదేం కాదు, నా బాధంతా సీసా మీద ఉన్న ఒక్క లైన్ గురించే. గుండెకి కావాల్సిన ఎనర్జీలో 70 శాతం కొవ్వుల నుంచే వస్తుంది, కాబట్టి రోజూ రెండు స్పూన్లు తాగితే నేరుగా గుండెకి శక్తి అని పెద్దక్షరాల్లో వేశారు. మా నాన్నకి స్టెంట్ వేసి రెండేళ్ళవుతోంది, అది చదివి ఆయనే తెప్పించమన్నారు, ఒక్కరే తాగడమెందుకని నేనూ మొదలుపెట్టా.

అందులో మొదటి సగం నిజమే. గుండె కండరం వాడే ఏటీపీలో (కణాలు ఎనర్జీగా ఖర్చుపెట్టే అణువు ఇది) దాదాపు 60 నుంచి 70 శాతం ఫ్యాటీ ఆసిడ్లని కాల్చితేనే వస్తుంది, మిగతాది గ్లూకోజ్, లాక్టేట్, కీటోన్ల (కొవ్వుని కాల్చి లివర్ తయారుచేసే ఇంధనం) నుంచి. రోజుకి లక్షసార్లు కొట్టుకునే కండరం కదా, కానీ దాని దగ్గర నిల్వ ఉండే ఏటీపీ కొన్ని సెకన్లకి మించి చాలదు, ఎప్పటికప్పుడు తయారు చేసుకోవాల్సిందే, అందుకే గుండె కణంలో సుమారు మూడో వంతు జాగా ఏటీపీ తయారుచేసే మైటోకాండ్రియాలే ఆక్రమించి ఉంటాయి. 16 కార్బన్లున్న ఒక్క పామిటిక్ ఆసిడ్‌ని (ఇదొక ఫ్యాటీ ఆసిడ్) రెండేసి కార్బన్ల చొప్పున 7 సార్లు తెంపి ఎసిటైల్ కోఏ అనే 8 ముక్కలు చేస్తాయి, చివరికి లెక్కేస్తే 106 ఏటీపీలు, అదే ఒక గ్లూకోజ్ నుంచి వచ్చేది 30, 32. చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

తేడా అంతా ఆ 'నేరుగా' అన్న మాటలో ఉంది. మనం వంటలో వాడే నూనెల్లో ఎక్కువగా ఉండేవి పొడుగు గొలుసు కొవ్వులు. పేగుల్లో పైత్యరసంతో చిన్న చిన్న బొట్లుగా విడిపోయి, అరిగి, పేగు గోడలో మళ్ళీ కూడుకుని కైలోమైక్రాన్లనే రేణువులవుతాయి, అవి లివర్‌కి వెళ్ళకుండా ముందు లింఫ్ నాళాల్లోకి, అక్కణ్ణుంచి మెడ కింద సిరలో రక్తంలోకి కలుస్తాయి. గుండె కేశనాళికల గోడకి అతుక్కుని లైపోప్రోటీన్ లైపేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, రక్తంతో పాటు వెళ్తున్న రేణువులోంచి ఫ్యాటీ ఆసిడ్లని అదే కోసి ఇస్తుంది, సీడీ36 అనే ప్రోటీన్ వాటిని కణంలోకి లాక్కుంటుంది, కార్నిటిన్ మైటోకాండ్రియా లోపలికి చేరుస్తుంది.

ఎంసీటీ దారి వేరు. దాని గొలుసులు పొట్టివి, ఈ సీసాలో 8, 10 కార్బన్లవే ఉన్నాయి, అందుకే ఇందులో చాలావరకు కైలోమైక్రాన్ల గొడవ లేకుండా పేగుల నుంచి లివర్‌కి రక్తం తీసుకెళ్ళే పోర్టల్ సిరలోంచి సూటిగా లివర్‌కే పోతుంది, అక్కడ చాలా భాగం కాలిపోయి కీటోన్లుగా మారుతుంది. ఆ కీటోన్లని గుండె వాడుకుంటుంది, కాదనను, కానీ లివర్ మీదుగా చుట్టు తిరిగి వచ్చేదాన్ని నేరుగా అని ఎలా రాస్తారు చెప్పండి?

ఇంకోటి, గుండె కొవ్వు కోసం మన స్పూన్ వైపు చూస్తూ కూర్చోదు. రాత్రంతా ఏం తినకపోయినా ఒంట్లో నిల్వ ఉన్న కొవ్వులోంచి ఫ్యాటీ ఆసిడ్లు విడుదలై రక్తంలో ఉండే ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌ని పట్టుకుని గుండెదాకా వస్తూనే ఉంటాయి, తిన్నాక ఇన్సులిన్ పెరిగితే గుండె గ్లూకోజ్ వాడకం పెంచుతుంది. పైగా ఒక్కో అణువు లెక్కన కొవ్వు నుంచి ఏటీపీ ఎక్కువ వస్తుంది గానీ అంతే ఆక్సిజన్‌తో గ్లూకోజ్ కాల్చితే వచ్చేదానికంటే కాస్త తక్కువే వస్తుంది. రక్తం సరిగా అందని గుండెకి ఇది చిన్న విషయం కాదు, ఆంజైనాకి (గుండెకి రక్తం చాలక వచ్చే ఛాతీ నొప్పి) ఇచ్చే ట్రైమెటాజిడిన్ అనే మందు పనిచేసేది కూడా కొవ్వు కాల్చడం తగ్గించి గ్లూకోజ్ వైపు మళ్ళించడం వల్లే అని వివరిస్తారు. స్టెంట్ వేయించుకున్న మనిషి చేత అదనంగా కొవ్వు తాగించే లైన్ రాసేముందు ఇది ఆలోచించాలి కదా.

ఇక వాడకం సంగతి. రంగు లేదు, వాసన లేదు, తాగడం తేలికే. మొదటి రెండు రోజులు రాసినట్టే రెండు స్పూన్లు తాగితే కడుపులో మెలిపెట్టి మోషన్స్ అయ్యాయి, అర స్పూన్‌కి తగ్గించి అన్నంతో పాటు తీసుకున్నాక సర్దుకుంది. వేపుళ్ళకి పనికిరాదు, త్వరగా పొగ వస్తుంది. 15 మిల్లీలీటర్లకి 14 గ్రాముల కొవ్వు, మొత్తం సాచురేటెడే, 115 క్యాలరీల దాకా. నెలన్నరలో ఓపిక పెరిగినట్టు నాకేం తెలీలేదు. నాన్న వారానికే ఆపేశారు, సీసా తీసుకెళ్ళి కార్డియాలజిస్ట్‌కి చూపిస్తే మీకు దీని అవసరం లేదన్నారు.

అయితే ఇది నిజంగా అవసరమైన వాళ్ళున్నారు. పుట్టుకతోనే పొడుగు గొలుసు కొవ్వుల్ని కాల్చలేని జబ్బున్న పిల్లలుంటారు, వాళ్ళలో కొందరికి గుండె కండరమే దెబ్బతింటుంది, డాక్టర్ కొలిచి ఇచ్చే ఎంసీటీ వాళ్ళకి మందుతో సమానం. లింఫ్ నాళం చిట్లి ఛాతీలోకి కారేవాళ్ళకి కూడా ఇస్తారు. ఆ మాట సీసా మీద ఎక్కడా లేదు, నాకు అన్నిటికంటే బాధ అదే. లివర్ బాగా దెబ్బతిన్నవాళ్ళు మాత్రం డాక్టర్‌ని అడక్కుండా ముట్టుకోకండి.

5కి 2 స్టార్లు. ఆయిల్ శుభ్రంగా ఉంది, సీలు గట్టిగా ఉంది, చుక్క కూడా కారలేదు, ఆ రెండూ దానికే. 'నేరుగా' అన్న మాట తీసేయమని కంపెనీకి మెయిల్ పెట్టా, తీసేస్తే వచ్చి రేటింగ్ మారుస్తా.