60,000 యూనిట్ల డి విటమిన్ సాచెట్టా, కాల్సిట్రయోలా: డి విటమిన్ పెరగనోళ్ళకి ఏది మేలు?

సాచెట్లు తాగీ తాగీ విసుగొచ్చింది, రిపోర్టులో డి విటమిన్ 20 దాటట్లేదు, కాల్సిట్రయోల్ వేసుకుంటే గబగబా ఎక్కుతుందంట కదా అని చాలామంది అడుగుతుంటారు. ఎక్కదండీ. రిపోర్టులో కనపడేది లివర్‌లో తయారయ్యే 25-హైడ్రాక్సీ రూపం, కాల్సిట్రయోల్ దాని తర్వాత కిడ్నీలో తయారయ్యేది. అది ఎన్ని మింగినా ఆ నంబర్ పెరగదు, కాల్షియం మాత్రం రక్తంలో, యూరిన్‌లో పెరిగిపోయి కిడ్నీలో రాళ్ళ దాకా పోవచ్చు.

మామూలు లోపానికి వారానికొక సాచెట్టే మేలు, చవక కూడా. కొవ్వులో కరిగే విటమిన్ కాబట్టి పరగడుపున నీళ్ళతో కాకుండా అన్నం తిన్నాక వేసుకోండి. సీలియాక్ (గోధుమ పడని పేగు జబ్బు) ఉన్నోళ్ళకి, బరువు తగ్గడానికి బైపాస్ ఆపరేషన్ చేయించుకున్నోళ్ళకి పేగుల్లోనే సరిగ్గా పట్టదు, వాళ్ళకి ఇంజెక్షనో, కాల్సిఫెడియోలో (ఆ 25-హైడ్రాక్సీ రూపమే మందుగా) నయం.

కాల్సిట్రయోల్ ఎవరికంటే, కిడ్నీ జబ్బు ముదిరినోళ్ళకి, థైరాయిడ్ ఆపరేషన్‌లో పారాథైరాయిడ్ (దాని వెనకుండి కాల్షియాన్ని అదుపు చేసే గ్రంథులు) దెబ్బతిన్నోళ్ళకి, ఇంకా పుట్టుకతోనే కిడ్నీలో కాల్సిట్రయోల్ తయారుచేసే ఎంజైమ్ పనిచేయని పిల్లలకి. ఈ పిల్లలకి కొంచెం డోసు చాలు, ఎముకలు చక్కగా కోలుకుంటాయి. అసలు రెసిస్టెన్స్ (డి విటమిన్‌కి ఒళ్ళు లొంగకపోవడం) అనాల్సింది కణాల్లో కాల్సిట్రయోల్‌ని అందుకునే రిసెప్టరే పాడైతే, అది చాలా అరుదు, కొందరు పిల్లలకి తలమీద జుట్టు కూడా ఉండదు, భారీ డోసులు ఇచ్చినా లొంగకపోతే రాత్రుళ్ళు నెలల తరబడి డ్రిప్‌లో కాల్షియం ఎక్కించాల్సి వస్తుంది.

కాళ్ళు దొడ్డిగా వంకర పోయి, కాల్షియం నార్మల్‌గానే ఉండి ఫాస్ఫరస్ తక్కువొస్తే కథ వేరు, ఎక్స్‌ఎల్‌హెచ్ (ఫాస్ఫరస్ యూరిన్‌లో పోయే వంశపారంపర్య జబ్బు) అయ్యుండొచ్చు. దానికి పాత పద్ధతి ఫాస్ఫేట్ రోజుకి నాలుగైదు సార్లు, తోడుగా కాల్సిట్రయోల్. కొత్తది బురోసుమాబ్ ఇంజెక్షన్, 2018లో అమెరికాలో అనుమతి వచ్చింది, పిల్లలకి రెండు వారాలకోసారి. ఎముక మానడంలో కొత్తదే మేలు, కానీ రేటు వింటే కళ్ళు తిరుగుతాయి, అందుకే మన దగ్గర ఎక్కువమందికి పాతదే దిక్కు. కాబట్టి సాచెట్లు పెంచేముందు కాల్షియం, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, పీటీహెచ్ (పారాథైరాయిడ్ హార్మోన్) చూపించుకోండి.

ఇక కాల్షియం మాత్రలు. స్ట్రిప్ మీద 1250 మి.గ్రా. కార్బోనేట్ అని ఉంటే అందులో అసలు కాల్షియం 500 మాత్రమే. సిట్రేట్‌లో ఇంకా తక్కువ, నూటికి 21 పాళ్ళు, మాత్రలు ఎక్కువ మింగాలి, రేటూ ఎక్కువే. అయినా రోజూ పాంటోప్రజోల్ వేసుకునేవాళ్ళకి నా ఓటు సిట్రేట్‌కే, ఎందుకంటే కార్బోనేట్ కరగాలంటే కడుపులో యాసిడ్ ఉండాలి, గ్యాస్ మాత్ర దాన్నే తగ్గిస్తుంది. మిగతావాళ్ళకి భోజనంతో కార్బోనేట్ చాలు, ఒకేసారి 500 మించకుండా. మన ఇళ్ళల్లో పెద్దాళ్ళు థైరాయిడ్ మాత్ర, గ్యాస్ మాత్ర, కాల్షియం మూడూ పొద్దున్నే ఒకే గుప్పిట్లో పోసుకుని మింగేస్తారు చూడండి, అలా అయితే ఏ కంపెనీది కొన్నా ఒకటే, కాల్షియానికి థైరాయిడ్ మాత్రకి కనీసం 4 గంటల గ్యాప్ ఉండాలి.